దుప్పట్లో కెర్నల్

శుక్రవారం ఉదయం బెంజమిన్ వేసుకున్న పథకం చాలా సింపుల్. తొమ్మిదింటికి చర్చి ఆఫీసుకు వెళ్ళాలి. పన్నెండింటికల్లా పని ముగించాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి నిర్మల వండిన గోంగూర రొయ్యలు తిని, మూడింటిదాకా పడుకోవాలి. ఇందుకోసం కాలేజీకి సెలవు కూడా పెట్టాడు. పథకంలో మొదటి అంశం మాత్రం అనుకున్నట్టే జరిగింది.

బెంజమిన్ తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రామర్. ఇరవై రెండేళ్ళుగా రోజూ ఏలూరులో రైలెక్కి గూడెంలో దిగుతున్నాడు, పిల్లలకు కంప్యూటర్ని నడిపించే లినక్స్ చెబుతున్నాడు, సాయంత్రం మళ్ళీ రైలెక్కుతున్నాడు. ఏలూరులో వాళ్ళ చర్చి సంఘంలో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి ప్రింటర్ అలిగినా కబురు అతనికే వస్తుంది. 'నాకు తెలియదండీ' అనే మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. తెలియనివి లేక కాదు, ఆ మాట అనడం అలవాటు లేక.

ఇప్పుడు వచ్చిన పని మాత్రం ప్రింటర్ లాంటిది కాదు. ఏసోబు మాస్టారు, అంటే బెంజమిన్‌కి ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి, పదహారేళ్ళ కిందట చర్చి పాత రిజిస్టరును పేజీ పేజీ ఫొటోలు తీశారు. మిషన్ దొరల కాలం నుంచి ఆ సంఘంలో ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో, ఎవరు ఎవర్ని పెళ్ళాడారో, ఎవర్ని ఎక్కడ సమాధి చేశారో అన్నీ అందులో ఉన్నాయి. తరువాత పుస్తకాన్ని చెదలు తినేశాయి. మిగిలింది ఫొటోలే, అవి ఉన్నది అప్పటి కంప్యూటర్‌లోంచి తీసి దాచిన ఒకే ఒక్క డిస్కులో. మాస్టారికి ఎనభై ఒకటి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడి కన్ను వారం వారం మసకేస్తోంది. ఆదివారం చర్చి వార్షికోత్సవానికి ఆ పేజీలు తెరమీద వేస్తే, అందులో వాళ్ళమ్మ పేరు ఒక్కసారి పెద్దక్షరాల్లో చూసుకోవాలని ఆయన కోరిక.

చిక్కేమిటంటే, ఆఫీసులో ఉన్న కంప్యూటర్ ఆ డిస్కును గుర్తుపట్టడం లేదు. కెర్నల్ అంటే కంప్యూటర్‌లో ఇంటి పెద్ద లాంటిది. ఏ గదిలో ఏముందో, ఏ తాళం ఎలా తియ్యాలో దానికే తెలియాలి. మాస్టారి డిస్కు మీద ఫైళ్ళు సర్దిన పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్, ఎంత పాతదంటే ఈ మధ్యే కొత్త కెర్నల్స్‌లోంచి దాన్ని తీసేశారు. రెండు వారాల కిందట పెద్దల మీటింగులో సంఘం కార్యదర్శి జోసెఫ్, "పోనీ ఎవరైనా బయటివాళ్ళకి చూపిద్దామా అండీ?" అన్నాడు.

"ఎందుకండీ? ఆ ఫైల్ సిస్టమ్ కలిపి నేనే సొంతంగా కెర్నల్ కట్టేస్తాను," అన్నాడు బెంజమిన్.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందుకే అందరూ గౌరవంగా తలూపారు. కెర్నల్ ఎలా కట్టాలో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు నోట్సు చెప్పి రాయిస్తున్న బెంజమిన్, చేత్తో కట్టి పదకొండేళ్ళయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని పెద్దలు ఇలాంటి వాళ్ళ కోసమే చెప్పారు.

ఆఫీసు కంప్యూటర్ ముసలిది. కెర్నల్‌కి ఏమేం కావాలో, ఏమేం వద్దో ఎంచుకునే జాబితా వేలల్లో ఉంటుంది. అన్నీ ఉంచితే రేపటిదాకా కడుతూనే ఉంటుంది. అరగంటకోసారి జోసెఫ్ తలుపు దగ్గర కనిపించి "అయిపోవచ్చిందా అండీ?" అంటున్నాడు. బెంజమిన్ కోతలు మొదలుపెట్టాడు. చర్చికి జాయ్‌స్టిక్ ఎందుకు? తీసేశాడు. టీవీ కార్డు ఎందుకు? తీసేశాడు. ఆ ఊపులో, కంప్యూటర్ సొంత డిస్కును తెరిచే భాగాన్ని కూడా కెర్నల్ లోపల ఉంచకుండా విడిగా అదే డిస్కు మీద పెట్టేలా గుర్తు పెట్టాడు. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు వేసేసినట్టన్నమాట. అలాంటప్పుడు తాళంచెవిని బయటినుంచి అందించే చిన్న ఏర్పాటు ఒకటి చెయ్యాలి. అదీ మరిచిపోయాడు.

అంతవరకూ ఎవరైనా చేసే తప్పే. సాయంత్రం పావు తక్కువ అయిదుకు కొత్త కెర్నల్ తయారై కూర్చునేసరికి, దాన్ని పెట్టడానికి కంప్యూటర్లో చోటు చాలలేదు. జోసెఫ్ భుజం వెనక నిలబడి ఉన్నాడు. 'కొత్తది లేచి నిలబడేదాకా పాతదాని జోలికి పోకండి' అని ఇరవై రెండు బ్యాచ్‌లకు బల్ల గుద్ది చెప్పిన బెంజమిన్, పాత కెర్నల్‌ని తీసేశాడు. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేశాడు.

నల్లటి తెరమీద తెల్లటి వరుసలు గబగబా పరుగెత్తి, ఒకచోట ఆగిపోయాయి. ఇంటి తలుపు తెరుచుకోవడం లేదు, ఇక నా వల్ల కాదు అని దాని సారాంశం. మాస్టారి డిస్కు కూడా ఆ సమయంలో దానికే తగిలించి ఉంది. దానికేమైనా అయిందా? చూద్దామంటే దారి లేదు. అతని డీవీడీలు, పెన్‌డ్రైవులు, లాప్‌టాప్ అన్నీ గూడెం ల్యాబ్‌లో ఉన్నాయి.

"ఏంటండీ, అలా ఆగిపోయింది?" అన్నాడు జోసెఫ్.

"అలాగే ఆగుతుందండి. కెర్నల్ లోపల కుదురుకుంటోంది. రేపు సాయంత్రందాకా ఈ గది తలుపు ఎవరూ తియ్యకూడదు."

"గాలి తగలకూడదా అండీ?"

"అస్సలు తగలకూడదండి."

ఆ గది గోడమీద, అబద్ధసాక్ష్యం పలకరాదని చెప్పే పది ఆజ్ఞల పటం ఉంది. బెంజమిన్ దానికి వీపు పెట్టి ఈ మాట అన్నాడు. జోసెఫ్ గది తాళంచెవి అతని చేతికే ఇచ్చి, తలుపు సందులో పాత సంచి ఒకటి కుక్కి వెళ్ళాడు.

ఇంటికెళ్ళాక రొయ్యలు వడ్డిస్తూ నిర్మల మొగుడి మొహం చూసింది.

"ఏవండీ, ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదు."

"మరి గోంగూర వేసుకోరేం?"

"వద్దు."

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో అతను గోంగూర వద్దనడం అదే మొదలు. నిర్మల గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పేస్తే సరిపోయేది. కానీ 'నేను కట్టేస్తాను' అని అందరి ముందూ అన్నవాడు 'నేను పాడుచేశాను' అని పెళ్ళాంతో కూడా అనలేకపోయాడు. తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం తెల్లారగానే బీరువాలోంచి కొత్త దుప్పటి తీసుకుని బయలుదేరాడు. చర్చి ఆఫీసులోంచి కంప్యూటర్ పెట్టెనూ, మాస్టారి డిస్కునూ ఆ దుప్పట్లో మూటగట్టి భుజానికెత్తుకున్నాడు. ల్యాబ్‌లో గుట్టుగా బాగుచేసి, సాయంత్రానికి తెచ్చి యథాస్థానంలో పెట్టేస్తే మూడో కంటికి తెలియదని ఆలోచన. ప్లాట్‌ఫాం మీద మొదటి కన్నే జోసెఫ్‌ది. బావమరిదిని రైలెక్కించడానికి వచ్చాడట.

"వందనాలండీ బెంజమిన్ గారూ. ఏంటండీ, పొద్దున్నే దుప్పటితో?"

"చిన్న పని మీద గూడెం దాకా వెళ్ళొస్తానండి."

"మొహం అదోలా ఉందేంటండీ? రేపు ఆరాధనకి ఉంటారుగా?"

"దేవుని చిత్తమైతే ఉంటానండి," అన్నాడు బెంజమిన్.

ఆ సంఘంలో ఆ మాట అననివాళ్ళు లేరు, ఒక్క బెంజమిన్ తప్ప. రేపు వస్తారా అని అడిగితే 'ఎనిమిదీ నలభైకి వస్తాను' అనే రకం. జోసెఫ్ గుండె గుభేలుమంది. పైగా ఆ దుప్పటి ఒకటి. మన వైపు మనిషి తల దించుకుని, దుప్పటి మూటతో పొద్దుటి రైలెక్కాడంటే ఇంకో అర్థం లేదు, ఆసుపత్రిలో మంచమెక్కడానికే. రైలు కదలగానే జోసెఫ్ స్త్రీల సమాజం అధ్యక్షురాలు కుసుమగారికి ఫోన్ చేశాడు. ఆవిడ రిటైరైన స్టాఫ్ నర్సు.

అదే రోజు పది గంటలకు చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక. అక్కడ ఒక పద్ధతుంది. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెబితే అందరూ కలిసి ప్రార్థిస్తారు. బయటికి చెప్పుకోలేనిదైతే 'పేరు చెప్పని మనవి' అంటే చాలు, ఎవరూ గుచ్చి అడగరు. ఆ మర్యాద గొప్పదే. కాకపోతే అడగకూడదన్నారు గానీ, ఊహించకూడదని ఎవరూ అనలేదు. నిర్మల లేచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "పేరు చెప్పని మనవి ఒకటుందండి. ఆయన తిండి మానేశారండి. నాకేం చెప్పట్లేదండి," అంది.

కుసుమగారు కళ్ళు మూసుకున్నారు.

"నలభై ఏళ్ళు ఆసుపత్రిలో చేశానమ్మా. తిండి సయించకపోవడం, మొహం పాలిపోవడం, ఇంట్లో చెప్పకుండా దుప్పటి పట్టుకెళ్ళడం. ఇంతకంటే ఏం కావాలి?"

"దుప్పటేంటండీ?" అంది నిర్మల. ఆ తరువాత ఇంటికి ఫోన్ చేసి పనిపిల్లతో బీరువా వెతికించింది. కొత్త దుప్పటి లేదు.

అక్కడ గూడెం ల్యాబ్‌లో బెంజమిన్ పెట్టెను బల్లమీద పెట్టి, దాని ముందు రెండు చేతుల్లో తల పట్టుకుని కూర్చున్నాడు. ఫైనలియర్ పిల్ల శిరీష ప్రాజెక్టు పని మీద వచ్చి ఉంది. కొల్లేరు లంక గ్రామం పిల్ల. వాళ్ళ నాన్న అంకయ్య చేపల చెరువుల మీద పని చేస్తాడు. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చి, సంగతంతా వింది.

"సర్, ఒకటి అడగొచ్చా అండీ?"

"అడుగమ్మా."

"ఆ ఫైల్ సిస్టమ్ కొత్త కెర్నల్స్‌లోనే కదండీ లేనిది? మన బీరువాలో పాత లినక్స్ డీవీడీలు ఉన్నాయి కదండీ. దాంతో ఆన్ చేస్తే ఆ డిస్కు ఊరికే తెరుచుకుంటుందేమోనండీ. అసలు కెర్నల్ కట్టే పనే లేదేమోనండీ."

నాలుగు నిమిషాల్లో డిస్కు తెరుచుకుంది. పదకొండు వందల నలభై పేజీలు, ఒక్కటీ చెడలేదు. శిరీష వాటిని కొత్త డిస్కులోకి కాపీ పెట్టి, అదే డీవీడీతో పెట్టెలోకి మామూలు కెర్నల్ ఒకటి మళ్ళీ ఎక్కించింది. పన్నెండున్నరకు కంప్యూటర్ బుద్ధిగా లేచి కూర్చుంది.

"పాతది తీసేయకూడదని మీరే సెకండియర్‌లో చెప్పారండీ," అంది శిరీష. దెప్పాలని కాదు, పాఠం ఒప్పజెప్పినట్టు అంది.

"మీకు గుర్తుందో లేదో చూద్దామనే తీసేశానమ్మా," అన్నాడు బెంజమిన్.

"అలాగాండీ," అంది ఆ పిల్ల ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు బెంజమిన్ చెవులు కాలిపోయాయి. ఒక్క అబద్ధాన్ని కాపాడటానికి ఎన్ని అబద్ధాలు కావాలో అతనికి అప్పుడే అర్థమైంది. లేచి వెళ్ళి కొళాయి కింద మొహం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

అతను అక్కడుండగా బల్లమీద ఫోన్ మోగింది. శిరీష తీసింది.

"సర్ మొహం కడుక్కుంటున్నారండి... ఇందాక తల పట్టుకుని కూర్చుండిపోయారండి, కళ్ళు తిరిగాయనుకుంటానండి... మంచినీళ్ళిచ్చామండి. ఇప్పుడు కాస్త పర్లేదండి." అవతల నిర్మల గొంతు వినిపించలేదు. ఏడుపు మాత్రం వినిపించింది.

సాయంత్రం పెట్టెను ఆఫీసులో యథాస్థానంలో పెట్టి, రెండుసార్లు ఆన్ చేసి చూసుకుని, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చాడు. గుమ్మం ముందు పధ్నాలుగు జతల చెప్పులున్నాయి. లోపల బల్లమీద రొట్టె పొట్లాలు, హార్లిక్స్ సీసాలు, బత్తాయిలు. అందరూ సన్నగా పాట పాడుతున్నారు. అతన్ని చూసి పాట ఆపారు. కుసుమగారు లేచి వచ్చి మణికట్టు పట్టుకున్నారు.

"చూశారా, నాడి ఎలా పరుగెడుతోందో!"

పరుగెత్తక ఏం చేస్తుంది? "నాకేం లేదండీ. నిజంగా ఏం లేదండీ," అన్నాడు బెంజమిన్.

"మొదట్లో అందరూ ఇలాగే అంటారు బాబూ," అన్నారావిడ.

నిర్మల తలుపు పక్కన నిలబడి మొగుణ్ణే చూస్తోంది. రోజంతా ఏడ్చిన కళ్ళు. అప్పుడు చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. జోసెఫ్ ఎదురుగా కూర్చుని, తలుపు సందులో కుక్కిన సంచి సంగతి ఎవరికో భక్తిగా చెబుతున్నాడు. బెంజమిన్ నోరు మూసుకుని, ఇచ్చిన హార్లిక్స్ తాగాడు. ఇంత సిగ్గుమాలిన హార్లిక్స్ జన్మలో తాగలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పేజీలు ఒక్కొక్కటే తెరమీదికి వస్తుంటే జనం తమ తాతల పేర్లు చూసి గుసగుసలాడారు. ఏసోబు మాస్టార్ని తెర ముందుకు నడిపించారు. ఆయన దాదాపు ముక్కు ఆనించి, వేలితో అక్షరం అక్షరం తడిమి, వాళ్ళమ్మ పేరు పైకి చదివారు. రెండుసార్లు చదివారు. అంతవరకూ అంతా బాగానే ఉంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవుల కాగితం తీసి, మొదట మాస్టారి కంటి కోసం ప్రార్థిద్దామన్నారు. మాస్టారు చెయ్యెత్తారు.

"నా కన్ను సంగతి వదిలెయ్యండి అయ్యగారూ. చూడాల్సింది చూసేశాను. నా వంతు ప్రార్థన కూడా బెంజమిన్‌కే చెయ్యండి. చిన్నవాడు. నాకోసం ఒంట్లో బాగోకపోయినా ఈ పని చేసిపెట్టాడు."

చర్చి మొత్తం బెంజమిన్ వైపు తిరిగింది. నిర్మల భుజం అతని పక్కనే వణుకుతోంది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది అతనికి. గుడ్డివాడు కాబోతున్న మనిషి దగ్గర ఆఖరి ప్రార్థన కూడా దొంగిలిస్తున్నాడు. ఇంతకంటే సిగ్గు ఇంకెక్కడుంటుంది? లేచి నిలబడ్డాడు.

"నాకే జబ్బూ లేదండి," అన్నాడు. "కంప్యూటర్‌ని నేను పాడుచేశానండి. పాత కెర్నల్ తియ్యకూడదని అందరికీ చెప్పేవాణ్ణి, నేనే తీసేశాను. చెప్పడానికి సిగ్గేసింది. జోసెఫ్ గారికి గాలి తగలకూడదని అబద్ధం చెప్పాను. దుప్పట్లో ఉన్నది కంప్యూటరే. దాన్ని గూడెం పట్టుకెళ్తే మా స్టూడెంటు నాలుగు నిమిషాల్లో డిస్కు తెరిచింది. నేను కట్టిన కెర్నల్ అసలు అవసరమే లేదండి. మాస్టారి ఫొటోలు పోయేవేమో. నన్ను క్షమించండి."

నలభై తొమ్మిదేళ్ళలో మొదటిసారి తన తప్పు పూర్తిగా చెప్పిన మనిషి, తీర్పు కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

జోసెఫ్ తెరవైపు చూశాడు. కంప్యూటర్‌వైపు చూశాడు. "పాడైందంటారేంటండీ? ఎదురుగా శుభ్రంగా పనిచేస్తుంటేను!" అన్నాడు.

"బాగుచేశామండి, అందుకే..."

"ఒక్క పేజీ అన్నా పోలేదు కదండీ?"

"పోలేదండి, కానీ..."

కుసుమగారు కళ్ళొత్తుకున్నారు. "ఎంత మంచి మనసో చూడండి. మనం బాధపడతామని జబ్బు దాచుకోవడానికి ఎంత కథ అల్లాడో! కెర్నలంట, తాళమంట. జ్వరం తలకెక్కినట్టుంది." వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు ఏడుపు అందుకున్నారు. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసి ప్రార్థన ప్రారంభించారు. మామూలుగా అయిదు నిమిషాల ప్రార్థన ఆ రోజు ఇరవై రెండు నిమిషాలు సాగింది. అంతసేపూ బెంజమిన్ నిలబడే ఉన్నాడు. ఒప్పుకున్న తప్పును తీసుకునేవాళ్ళు లేక దాన్ని తిరిగి తనే మోయాల్సి వచ్చింది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరో కొత్త మనిషి చెప్పులు విడిచి, ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బకెట్లో నాలుగు కొర్రమేనులు గిలగిల కొట్టుకుంటున్నాయి.

"శిరీష నాన్నని, అంకయ్యనండి. సారుకి నీరసంగా ఉందని అమ్మాయి ఫోన్ చేసిందండి. కొర్రమేను పులుసు నాలుగు రోజులు పెట్టండమ్మా, లేచి కూర్చుంటారు," అని బకెట్ నిర్మల చేతికిచ్చాడు.

"నాకేం జబ్బు లేదు అంకయ్యగారూ," అన్నాడు బెంజమిన్ నీరసంగా.

"అవునండి, తెలుస్తూనే ఉందండి," అన్నాడు అంకయ్య. నిర్మలవైపు తిరిగి, "అల్లం కాస్త ఎక్కువ వెయ్యండమ్మా," అన్నాడు.

ఇక మిగిలింది ఏసోబు మాస్టారే. బెంజమిన్ ఆయన దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మాస్టారూ, మీరైనా నమ్మండి. నేను చెప్పింది నిజమండి."

మాస్టారు అతని తలమీద చెయ్యి పెట్టారు. "నమ్మాను నాయనా. ఆరో తరగతిలో కూడా నువ్వు లెక్క తప్పుచేస్తే పలక బోర్లించి దాచేసేవాడివి. ఇవ్వాళ అందరికీ చూపించావు. నాకు చాలా సంతోషంగా ఉందిరా."

బెంజమిన్ కళ్ళు చెమర్చాయి. ఒక్కరు, కనీసం ఒక్కరు నమ్మారు. రెండు రోజులుగా గుండెమీద కూర్చున్న సిగ్గు అప్పుడు కాస్త పక్కకు జరిగింది.

మాస్టారు వంగి, గొంతు తగ్గించి అన్నారు: "అయినా ఇంతమంది అంటున్నారు కదా నాయనా, ఒకసారి చూపించుకో."

సోమవారానికి, బెంజమిన్‌కి ఏ జబ్బూ లేదని గట్టిగా నమ్మే మనిషి ఏలూరు మొత్తమ్మీద బెంజమిన్ ఒక్కడే మిగిలాడు. మంగళవారం పరగడుపునే వెళ్ళి అతనూ రక్తపరీక్ష చేయించుకుని వచ్చాడు.